పాలనాశాస్త్ర పట్టా, పంచాయతీ రిజిస్టరు

ఆళ్లగడ్డ మండలములోని ఒక గ్రామమున పంచాయతీ సభ్యుల విధులను గూర్చి మేము మాట్లాడుచుండగా, వెనుక వరుసలో కూర్చున్న వార్డు సభ్యుడొకరు లేచి, ఆ దినపు విషయముతో సంబంధము లేనట్లు తోచు ప్రశ్న నొకదానిని వేసెను. “మా పాప ఇంటరు పాసయింది సార్. నంద్యాలలో డిగ్రీకి చేర్పిద్దామనుకుంటున్నాం. పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్ చదివితే గవర్నమెంటు ఉద్యోగం వస్తాదంట, నిజమేనా?” అని ఆయన అడుగగా సభలో కొందరు నవ్విరి. ఆయన మాత్రము నవ్వలేదు. ఉన్న మూడెకరములలో ఒక ఎకరమును కుదువపెట్టి కుమార్తెను చదివింపవలెనా, వలదా అను విషయము ఆయన యింట నెల దినములుగా నలుగుచున్నదని సభ ముగిసిన పిదప మాకు తెలిసినది.

ఈ ప్రశ్నకు “వచ్చును” అని గాని, “రాదు” అని గాని ఒక్క మాటలో బదులు చెప్పినచో రెండును సరి యైన సమాధానములు కావు. ఆనాడు తొందరలో చెప్పిన దానిని ఇచ్చట కొంత విపులముగా వ్రాయుచున్నాము. ఇట్టి ప్రశ్నలు ప్రతి పంచాయతీ సభ్యుని యొద్దకును వచ్చుచుండును. ఇంటిలో చదువుకొన్నవారు లేని కుటుంబములు పిల్లల చదువును గూర్చి మొట్టమొదట అడుగునది తమ వార్డు సభ్యునినే గదా.

మొదట చేదు మాటను చెప్పవలెను. ప్రభుత్వపాలనాశాస్త్రము చదివినవారికని ప్రత్యేకించి కేటాయింపబడిన పెద్ద ఉద్యోగము ఏదియు లేదు. కలెక్టరు పదవికి దారి తీయు సివిల్ సర్వీసు పరీక్షకు కూర్చుండుటకు ఏదో ఒక డిగ్రీ చాలును. డిప్యూటీ కలెక్టరు, మండల పరిషత్ అభివృద్ధి అధికారి మున్నగు పదవులకు ఆంధ్రప్రదేశ్ పబ్లిక్ సర్వీసు కమిషను వారు జరుపు గ్రూపు-1 పరీక్షకును, డిప్యూటీ తహసీల్దారు, సబ్ రిజిస్ట్రారు మున్నగువానికి జరుపు గ్రూపు-2 పరీక్షకును సామాన్యముగా అంతే. 2019లో గ్రామ సచివాలయములు ఏర్పడినప్పుడు పంచాయతీ కార్యదర్శి పదవికి కోరిన అర్హతయు ఏదో ఒక డిగ్రీయే. బి.కాం. చదివినవారును, ఇంజనీరింగు చదివినవారును ఈ పరీక్షలు వ్రాయుచున్నారు, నెగ్గుచున్నారు. పాలనాశాస్త్రము చదివినందులకు మార్కులలో ఒక్కటియు అదనముగా కలియదు. ఏ కళాశాల కరపత్రము మరియొక విధముగా చెప్పినను నమ్మవలదు.

మన పల్లెలలో పట్టా యనిన వెంటనే పొలము పట్టా జ్ఞాపకమునకు వచ్చును. ఆ కాగితము చేతికి వచ్చినంతమాత్రమున ఇంటికి గింజలు రావు. దున్నవలెను, విత్తవలెను, వాన కురియవలెను. చదువు పట్టాయు అట్టిదే.

అట్లయిన ఈ చదువు వలన ప్రయోజన మేమి? శాసనము చేయుట ఒకటి, చేసిన శాసనమును నడుపుట మరియొకటి. రెండవదానికి గూడ ఒక విద్య కలదని 1887లో అమెరికాలో ఉడ్రో విల్సన్ అను అధ్యాపకుడు ఒక వ్యాసమున వాదించెను. తరువాతి కాలమున ఆయన ఆ దేశమునకు అధ్యక్షుడయ్యెను. ఈ శాస్త్రమునకు ఆ వ్యాసమునే పురుడుగా లెక్కింతురు. మన దేశములో స్వాతంత్ర్యానంతరము ప్రభుత్వపు పని పోలీసు, పన్నులతో ఆగక కాలువలు, బడులు, ఆస్పత్రులు, గ్రామాభివృద్ధి వరకు విస్తరించుటచే 1954లో ఢిల్లీలో భారత ప్రభుత్వపాలనా సంస్థ నెలకొల్పబడినది. ఆ తరువాత విశ్వవిద్యాలయములలో ఈ విషయమునకు శాఖలు పెరిగినవి. 1982లో హైదరాబాదున ఏర్పడిన సార్వత్రిక విశ్వవిద్యాలయము, అనగా నేటి డాక్టరు బి.ఆర్. అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయము, ఈ శాస్త్రమును తెలుగు పాఠములుగా అచ్చువేసి, కళాశాల గడప తొక్కలేని ఉద్యోగులకును, గృహిణులకును అందజేసినది. దేశమంతట సివిల్ సర్వీసు అభ్యర్థులు చదువు పాలనా తత్త్వవేత్తల గ్రంథ మొకటి తెలుగు ఆచార్యుల సంపాదకత్వముననే వెలువడినదని చెప్పుకొనుటకు మనకు కొంత గర్వము కలుగవచ్చును.

ఈ చదువునకు మన పల్లెలలో విలువ యెట్లు వచ్చినదో తెలియవలెనన్న కరణము, మునసబుల కాలమును తలచుకొనవలెను. అరువది యేండ్లు దాటినవారికి ఆ కాలము బాగుగ జ్ఞాపకముండును. ఊరి లెక్కలన్నియు ఒక ఇంటి పెట్టెలో నుండెడివి. తండ్రి తరువాత కుమారుడు ఆ పెట్టె తాళము అందుకొనెడివాడు. ఏ సర్వే నంబరు ఎవరి పేర నున్నదో, శిస్తు ఎంత కట్టవలెనో ఆ యింటివారు చెప్పినదే మాట. వారిలో నిజాయితీపరులు లేకపోలేదు. లెక్క వ్రాయుటలో వారి నేర్పు నేటి కంప్యూటరు వారికిని ఆశ్చర్యము గొలుపును. కాని ఆ నేర్పు అడుగుటకును, నేర్చుకొనుటకును ఇతరులకు దారి లేదు. పుట్టుకను బట్టి గ్రామోద్యోగ మిచ్చుట రాజ్యాంగ విరుద్ధమని మన రాష్ట్రమునుండి వెళ్లిన ఒక వ్యాజ్యములో 1960 డిసెంబరులోనే సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను. అయినను ఆ పదవులు మరి యిరువది మూడేండ్లు నిలిచినవి. 1984 జనవరిలో నందమూరి తారక రామారావు ప్రభుత్వము ఆర్డినెన్సు ద్వారా వానిని రద్దు చేసెను. మరుసటి సంవత్సరము తాలూకాలు పోయి మండలములు వచ్చినవి.

ఆ దినమునుండి ఊరి రికార్డు పెట్టె తాళము పుట్టుక చేతినుండి పరీక్ష చేతికి వచ్చినది. ఈ మార్పును చాలమంది చిన్నదిగా భావింతురు గాని, మా అభిప్రాయమున మన పల్లెలలో నిశ్శబ్దముగా జరిగిన పెద్ద విప్లవములలో ఇది యొకటి. నేడు ఒక కూలివాని కుమార్తె పంచాయతీ కార్యదర్శి కుర్చీలో కూర్చుండి ఊరి పెద్ద యింటి పన్ను బాకీని చదువుచున్నదనిన దానికి కారణ మిదియే. పరీక్షలు జరుపు కమిషను గూడ మనకు దూరపుది కాదు. 1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా ఆంధ్రరాష్ట్ర మేర్పడినప్పుడే ఆంధ్ర సర్వీసు కమిషను పుట్టినది. 1956 నవంబరులో అది ఆంధ్రప్రదేశ్ పబ్లిక్ సర్వీసు కమిషనుగా మారినది.

ఇక పరీక్షలలో ఈ చదువు ఎంతవరకు తోడగునో చూతము. సివిల్ సర్వీసు ప్రధాన వ్రాతపరీక్షలో ర్యాంకునకు లెక్కించు మార్కులు 1750. అందులో 500 మార్కులు అభ్యర్థి తానుగా ఎన్నుకొను ఐచ్ఛిక విషయమునకు చెందును. 1987నుండి ప్రభుత్వపాలన ఆ విషయములలో నొకటిగా నున్నది. ఇదిగాక, రాజ్యాంగము, పాలన, సామాజిక న్యాయము గల సామాన్య పత్రమునకు 250 మార్కులును, ప్రభుత్వోద్యోగి నీతిని గూర్చిన పత్రమునకు 250 మార్కులును కలవు. పాలనాశాస్త్రము చదివినవానికి ఈ రెండు పత్రములలోని మాటలు క్రొత్తవి కావు. సమాధానములను తెలుగులోనే వ్రాయవచ్చును, ఇంటర్వ్యూలో తెలుగులోనే మాటలాడవచ్చును. రాష్ట్ర గ్రూపు పరీక్షలలో రాజ్యాంగము, పంచాయతీరాజ్ వ్యవస్థ తప్పక వచ్చు విషయములు. అయితే అదే పరీక్షలలో చరిత్ర, ఆర్థికశాస్త్రము, భూగోళము, విజ్ఞానశాస్త్రము, లెక్కలతో కూడిన తర్కము గూడ నుండును. పాలనాశాస్త్రము ఒక గదికి తాళపుచెవి వంటిది. మిగిలిన గదుల తాళములు వేరు.

పోటీ యెంతటిదో దాచుట మంచిది కాదు. 2023 సివిల్ సర్వీసు పరీక్షకు దేశమంతట పది లక్షలమందికి పైగా దరఖాస్తు చేయగా, చివరకు ఎంపికయినవారు 1,016 మంది. 2019లో మన రాష్ట్రములో గ్రామ, వార్డు సచివాలయముల కొరకు 1,26,728 ఉద్యోగములకు పరీక్ష జరిగినప్పుడు వ్రాసినవారు సుమారు ఇరువది లక్షలమంది. ఇన్ని ఉద్యోగములు ఒక్కమారుగా వచ్చిన సందర్భము అరుదు. అట్టి అరుదైన సంవత్సరమున గూడ పదునైదుగురిలో ఒకరికే చోటు దొరకినది.

ఉద్యోగము వచ్చిన తరువాత ఈ చదువు ఎక్కడ పనికివచ్చునో చెప్పుటకు ఒక చిన్న ఉదాహరణము తీసికొందము. ఇది మీ అందరి అనుభవములోనిదే.

వైశాఖమాసమున ఒక ఊరి మంచినీటి బోరులోని మోటారు కాలిపోయినదనుకొనుడు. స్త్రీలు బిందెలతో పంచాయతీ కార్యాలయము ముందు నిలుచుందురు. వార్డు సభ్యుడు కార్యదర్శిని, “ఖాతాలో డబ్బుంది కదమ్మా, రేపు మోటారు తెప్పించు” అనును. కార్యదర్శి, “అంచనా వేయించాల సార్, తీర్మానం కావాల” అనును. ఇచ్చటనే కలహము పుట్టును. సభ్యునికి ఇది యంతయు జాప్యము చేయు ఎత్తువలె తోచును. కార్యదర్శికి సభ్యుడు చట్టము తెలియనివానివలె తోచును.

ఈ మెట్లలో ఒక్కొక్కటి యెందుకు పుట్టినదో పాలనాశాస్త్రము నేర్పును. తీర్మానము ఎందులకనగా, డబ్బు ఊరిది గాని సర్పంచిది గాని కార్యదర్శిది గాని కాదు. ఊరి ప్రతినిధులు కలిసి “ఈ పనికి ఖర్చు చేయుడు” అని చెప్పినట్లు ఋజువు కావలెను. ఇంజనీరు అంచనా ఎందులకనగా, అయిదు హార్సుపవరు మోటారు చాలినచోట ఏడున్నర కొనకుండుటకు. కొటేషనులు ఎందులకనగా, తెలిసిన అంగడివానికే పోకుండుటకు. ఎం-బుక్కులో కొలత వ్రాయుట ఎందులకనగా, కొన్న వస్తువు నిజముగా బోరులో దిగినదని ఒకరు కన్నులతో చూచి సంతకము చేయుటకు. వోచరు ఎందులకనగా, మూడేండ్ల తరువాత ఆడిటరు వచ్చి అడిగినప్పుడు, అప్పటికి బదిలీయైపోయిన కార్యదర్శికి మారుగా కాగితము మాటలాడుటకు. ప్రతి మెట్టు వెనుకను ఎక్కడనో, ఎప్పుడో జరిగిన ఒక మోసము గాని, ఒక పొరపాటు గాని యుండును. ఖజానా ధనమును హరించు మార్గములు నలుబది యని కౌటిల్యుని అర్థశాస్త్రము ఏనాడో లెక్కించినది. నేటి ఆడిటు వారు ఆ సంఖ్య పెరిగినదందురు.

అయితే ఇదే శాస్త్రము రెండవ సంగతిని గూడ నేర్పును. నిబంధన నీరిచ్చుటకే గాని నీరాపుటకు కాదు. తాగునీరు లేని ఊరు మామూలు తీర్మానపు తేదీ వరకు వేచియుండజాలదు గనుకనే అత్యవసర సమయములలో ముందు పని చేయించి, తరువాతి సమావేశమునకు నివేదించు అధికారమును పంచాయతీ చట్టము సర్పంచికి ఇచ్చినది. ఈ సంగతి తెలిసిన కార్యదర్శి ఆ సాయంకాలమే సర్పంచి చేత కాగితము వ్రాయించి, ఇంజనీరును పిలిపించి, మరునాటికి మోటారు దింపించును. తెలియని కార్యదర్శి పదునైదు దినములు భయపడుచు కూర్చుండును. ఇద్దరి జీతము ఒక్కటే. బిందెలు పట్టుకొని నిలిచిన స్త్రీలకు మాత్రము ఇద్దరును ఒక్కటి కారు.

మరి యొక చిక్కు. “ఖాతాలో డబ్బుంది” అను మాట సగము నిజము. 2021 నుండి 2026 వరకు వర్తించిన పదునైదవ ఆర్థిక సంఘపు గ్రాంటులో నూటికి 60 వంతులు తాగునీరు, పారిశుధ్యములకే కట్టుబడియుండెను. మిగిలిన 40 వంతులు మాత్రమే పంచాయతీ తన అవసరమును బట్టి వినియోగింప వీలయ్యెను. మోటారునకు కట్టుబడి నిధిని వాడవచ్చును, వీధిదీపములకు వాడరాదు. ఈ భేదము తెలియక ఎన్ని పంచాయతీలలో సభ్యులు, కార్యదర్శులు మాటలు మానుకొనిరో మేము చూచియున్నాము. ఈ విషయమును సభలో అయిదు నిముషములలో విప్పి చెప్పగల కార్యదర్శి ఊరికి వరము. అట్టి నేర్పు ర్యాంకు కార్డులో కనబడదు.

ఉద్యోగములో చేరిన తరువాత పై మెట్టు ఎక్కుటకు డిపార్టుమెంటు పరీక్షలు వ్రాయవలెను. అకౌంటు పరీక్ష, ఆఫీసు నిబంధనల పరీక్ష అను పేరులతో పబ్లిక్ సర్వీసు కమిషను వారే వీనిని జరుపుదురు. బడ్జెటు, ఆడిటు, క్రమశిక్షణా నియమములు చదివి వచ్చినవారికి ఇవి తేలిక. ఇతరులు ఉద్యోగము చేయుచు రాత్రులయందు చదువుకొనవలసి వచ్చును. బోధనవృత్తి కోరువారికి యు.జి.సి. నెట్ పరీక్షలో ప్రభుత్వపాలన ఒక ప్రత్యేక విషయముగా కలదు. ఇక్కడ మాత్రము ఆ చదువునకు నేరుగా విలువ కలదు.

పాలనాశాస్త్ర గ్రంథములలో లూథర్ గులిక్ అను అమెరికా పండితుడు 1937లో చెప్పిన ఏడు పనులు ప్రతి విద్యార్థియు వల్లించును. ప్రణాళిక వేయుట, ఏర్పాటు చేయుట, మనుష్యులను నియమించుట, నడిపించుట, పొందికపరచుట, నివేదించుట, బడ్జెటు చూచుట. వల్లించుట సులభము. వీనిలో అన్నిటికంటె కష్టమైనది పొందికపరచుట యని మా నమ్మకము. దానిని చూడవలెనన్న ఫాల్గుణమాసమున అహోబిలమునకు పోవలెను. బ్రహ్మోత్సవముల వేళ ఆ చిన్న ఊరికి వేలకొలది యాత్రికులు వత్తురు. ఎగువ అహోబిలము నల్లమల అడవిలో నున్నది, కావున అటవీశాఖ మాట వినవలెను. గుడి ఏర్పాట్లు దేవస్థానమువి. బస్సులు ఆర్.టి.సి. వారివి. జనమును నిలిపి నడుపుట పోలీసులది. వైద్యశిబిరము ఆరోగ్యశాఖది. చెత్త, త్రాగునీరు మాత్రము పంచాయతీ నెత్తిన పడును. ఒక శాఖ వేరొక శాఖకు పై అధికారి కాదు. అయినను తెల్లవారుజామున మొదటి బస్సు దిగిన ముసలమ్మకు ఇవన్నియు కలిపి ఒక్క ప్రభుత్వమే. మూడేండ్ల డిగ్రీలో ఒక అధ్యాయముగా చదువు సంగతి అక్కడ మూడు దినములలో కంటి కెదుట కనబడును. నంద్యాల కళాశాలల అధ్యాపకులు తమ విద్యార్థులను కాగితము, కలము ఇచ్చి ఆ దినములలో అహోబిలమునకు పంపినచో ఎంత బాగుండునో యని మాకు ప్రతి యేటను తోచుచుండును.

పాలన చెడినప్పుడు ఏమగునో గూడ ఈ సీమ చరిత్రయే చెప్పును. ఆళ్లగడ్డకు సమీపముననున్న ఉయ్యాలవాడ నరసింహారెడ్డి 1846లో కోయిలకుంట్ల ఖజానాపై పడెను. 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలోనే ఆయనను ఉరితీసిరి. ఆయన వీరత్వమును మనము పాటలుగా పాడుకొనుచున్నాము. పాలనాశాస్త్ర విద్యార్థి మాత్రము ఆ కథను మరియొక వైపునుండి గూడ చదువవలెను. కుటుంబమునకు రావలసిన భరణము విషయమున అన్యాయము, ఇనాముల స్వాధీనము, కావలివారి మాన్యములపై వేటు. ఊరి మాట వినకుండ పై కచేరీలలో తీసికొనబడిన నిర్ణయములు ఆ తిరుగుబాటునకు ముందున్నవి. ఆనాటి కంపెనీ దొరల దస్త్రములలో లెక్కలు సరిగానే యుండియుండవచ్చును. ఊరి మనస్సును తెలిసికొనుటకు ఆ దస్త్రములలో గడి యొక్కటియు లేకపోయెను.

ఊరి మాటకు గ్రామసభ రూపమున చట్టములో చోటు దొరకుటకు చాలకాలము పట్టినది. 1959 అక్టోబరు 11న షాద్‌నగరున జవాహర్‌లాల్ నెహ్రూ మన రాష్ట్రములో పంచాయతీరాజ్‌ను ప్రారంభించినప్పుడు ముఖ్యమంత్రి నీలం సంజీవరెడ్డి. ఆయన 1977లో నంద్యాలనుండి లోక్‌సభకు ఎన్నికై, ఆ యేడే రాష్ట్రపతి యయ్యెను. గ్రామసభకు రాజ్యాంగములో స్థానమిచ్చిన 73వ సవరణ 1992 డిసెంబరులో పార్లమెంటు ఆమోదము పొందినప్పుడు ప్రధానమంత్రి పి.వి. నరసింహారావు. ఆయనయు అప్పటికి నంద్యాల సభ్యుడే, 1991 ఉపఎన్నికలో గెలిచినవాడు. ఆ సవరణ 1993 ఏప్రిల్ 24న అమలులోనికి వచ్చినది. విద్యార్థులు పరీక్షలో వ్రాయు ఈ రెండు తేదీలకును నంద్యాలతో ఇంతటి సంబంధము కలదని మన బడులలో ఎందరు చెప్పుచున్నారో!

ఇక చదువు ఎక్కడ, ఎట్లు అను ప్రశ్న. 2022 ఏప్రిల్ 4న నంద్యాల జిల్లా కేంద్రమైనది. ఆళ్లగడ్డ వారికి కలెక్టరు కచేరీ కర్నూలు దూరము తగ్గి, కడప పోవు జాతీయ రహదారి మీదనే దగ్గరకు వచ్చినది. చదువునకు గూడ ఆ దారియే. నంద్యాల ప్రభుత్వ డిగ్రీ కళాశాల మున్నగు చోట్ల చేరుటకు ముందు రెండు సంగతులు విచారింపవలెను. డిగ్రీ పాఠ్యప్రణాళికలు ఇటీవలి సంవత్సరములలో పలుమారులు మారినవి గనుక, ఆ యేడు ప్రభుత్వపాలన ప్రధాన విషయముగా దొరకునా, ఉపవిషయముగా మాత్రమే దొరకునా అనునది ఒకటి. దానిని బోధించుటకు స్థిరమైన అధ్యాపకుడు కలడా అనునది రెండవది. రెండవదానిని అడుగుటకు సంకోచింపవలదు. విషయము లేనిచోట రాజనీతిశాస్త్రము గాని, ఆర్థికశాస్త్రము గాని తీసికొని, పాలనాశాస్త్రమును ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయము ద్వారా ఇంటినుండి చదువుకొనవచ్చును, అచ్చట బి.ఏ.యు, ఎం.ఏ.యు కలవు.

ఇక ఎకరము కుదువపెట్టు మాట. డిగ్రీ చదువునకు ప్రభుత్వ కళాశాలలో అంత అవసరము రాదు. పొలములు కరగునది ఆ తరువాత, పట్టణములలో గది అద్దె, భోజనము, శిక్షణ కేంద్రపు రుసుముల క్రింద, ఒక యేడు రెండేండ్లయి, రెండు నాలుగయినప్పుడు. సివిల్ సర్వీసులకు సామాన్యవర్గము వారికి 32 ఏండ్ల వరకు ఆరు ప్రయత్నములు, వెనుకబడిన తరగతులవారికి 35 ఏండ్ల వరకు తొమ్మిది, షెడ్యూల్డు కులములు, తెగల వారికి 37 ఏండ్ల వరకు లెక్కలేనన్ని ప్రయత్నములు అనుమతింపబడుచున్నవి. అనుమతి యున్నదని అన్నిటిని వాడుకొనవలసిన పని లేదు. ముప్పది రెండవ యేట ఇంటికి తిరిగివచ్చిన కుమారుడు తండ్రి ముఖము చూడలేక అరుగుమీదనే కూర్చుండు ఇండ్లు ఈ జిల్లాలో మాకు తెలిసినవే కొన్ని యున్నవి. మా సలహా యేమనగా, రెండు ప్రయత్నముల తరువాత ఏదో ఒక చిన్న ఉద్యోగములో, అది ప్రభుత్వమే కానక్కరలేదు, చేరి జీతము తెచ్చుకొనుచు మిగిలిన ప్రయత్నములు చేయవలెను. పంచాయతీ కార్యదర్శిగా నుండి గ్రూపు పరీక్షలు వ్రాయువారు ఎందరో కలరు. ఆ పదవి పేరు అప్పుడప్పుడు మారుచుండును గాని పని ఊరి పనియే.

పంచాయతీ సభ్యులు ఈ విషయమున చేయగలిగినది సిఫారసు కాదు. కమిషను పరీక్షలకు సిఫారసు పనికిరాదు. ఇప్పించెదనని డబ్బు అడుగువాడు కనబడినచో ఊరిలో అందరికిని తెలియజెప్పుడు. మీరు చేయగలిగిన పెద్ద సహాయము మీ కార్యాలయపు తలుపు తెరచుట. డిగ్రీ చదువు పిల్లలను గ్రామసభకు పిలువుడు. సభ జరిగిన తీరును వారిచేత వ్రాయించి, కార్యదర్శి వ్రాసిన మినిట్సుతో పోల్చి చూడనిండు. పన్ను డిమాండు రిజిస్టరు, బడ్జెటు ప్రతి, గడచిన ఆడిటు అభ్యంతరముల జాబితా చూపుడు. 2005 సమాచార హక్కు చట్టము నాలుగవ సెక్షను ప్రకారము ఎవరును అడుగకుండగనే ప్రకటింపవలసిన సంగతులు ఇందు అనేకము కలవు. చూపుటకు ఇష్టము లేని రిజిస్టరు ఏదైన ఉన్నచో, దానిని మొదట మీరే ఒకమారు చదువుట మంచిది.

సభ ముగిసి మేము జీపు ఎక్కుచుండగా ఆ వార్డు సభ్యుడు మరల వచ్చెను. ఎకరము కుదువ మాటను నంద్యాల కళాశాలలో రుసుము ఎంతో కనుగొనువరకు ఆపెదనని చెప్పెను. “ఈ నెలాఖరు గ్రామసభకు పాపను తోడుకొని వస్తాను సార్, ఆ మోటారు వోచరు ఏదో చూపించమని కార్యదర్శమ్మకు మీరే ఒక మాట చెప్పండి” అనెను. ఆమె ప్రక్కనే నిలిచియుండెను. చూపెదనని తల ఊపి, ఆ వోచరు కట్ట ఆడిటునకు వెళ్లినదనియు, సోమవారము తిరిగి వచ్చుననియు తెలిపెను.